పట్టా లేని కుక్క

ఆదివారం పేపరు చివరి పేజీలో, రాశిఫలాల కింద ఒక కుక్క ఉంటుంది. నేను చూడబట్టి చాలా ఏళ్లయింది. మొదట గీసినాయన పోయాడని, ఇప్పుడు ఇంకెవరో గీస్తున్నారని అంటారు. నిజమే అయి ఉంటుంది. మునుపు దాని కాళ్లు పొట్టిగా ఉండేవి, ఈమధ్య కొంచెం సాగాయి. పొట్ట మాత్రం ఆ పొట్టే. ఒక కంటి చుట్టూ మచ్చ, మెడకు ఎర్ర బెల్టు. రంగు సరిగా అద్దని వారం ఆ ఎరుపు మెడ దాటి పోయి పక్కన గోడ మీద పడేది.

దొంగల భయంతో ఒక ఇంటివాళ్లు పెంచుకున్న కుక్క అది. అది చేసే పనల్లా గడపకు అడ్డంగా పడుకోవడం. దొంగ వచ్చినా, ఇంటాయన వచ్చినా, పాలాయన వచ్చినా దాన్ని తట్టుకుని బోర్లా పడతారు. అది కళ్లు తెరవదు. వారం వారం ఇదే కథ. ఇందులో ఏముందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. జనం మాత్రం ముందు పేజీలో ప్రభుత్వం కూలిపోయినా చూడకుండా, పేపరు తిప్పి ముందుగా ఆ కుక్క దగ్గరికే పోయేవాళ్లు.

నాకు చదువు వచ్చింది దాని వల్లనే. జనగామ పత్తి మార్కెట్లో హమాలీ పని చేసేవాణ్ని. పత్తి బోరాలు మోసిన వీపు తప్ప నాకు వేరే విద్య లేదు. కూతురి పెళ్లి చేసి, మీసం నెరిసేదాకా వేలిముద్రే. దానికి నేను ఎన్నడూ సిగ్గుపడలేదు. చదువుకున్నవాళ్లు కూడా నా వీపు మీదుగానే పత్తి అమ్ముకున్నారు. సిగ్గయింది ఒక్క చోట, మార్కెట్ ఎదురుగా ఉన్న కటింగ్ షాపులో. ఆదివారం గడ్డానికి వచ్చి బల్ల మీద కూర్చున్నవాళ్లు పేపరు చివరి పేజీ చూసి ఫక్కున నవ్వేవాళ్లు. ఒకడు నవ్వి పక్కవాడికి ఇస్తే వాడూ నవ్వేవాడు. నా చేతికి వచ్చేసరికి నేనూ నవ్వేవాణ్ని. ఎందుకు నవ్వుతున్నానో తెలియకుండా నవ్వడం ఎంత రోతగా ఉంటుందో అది చేసినవాడికే తెలుస్తుంది.

ఒక రోజు షాపు ఖాళీగా ఉన్నప్పుడు కటింగ్ చేసే ఆయనను అడిగాను. వయసులో నాకంటే చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది. ఆ వారం కుక్క ఎందుకో నిద్ర లేచి ఉంది.

“గీ కుక్క నోటికాడ ఏం రాసిన్రు?”

“భౌ.”

“ఏందిరా, నన్నంటున్నవా?”

“నిన్నెందుకంటనే అన్నా! కుక్క అంటున్నది. భౌ అని రాసి ఉన్నది గాడ.”

గడ్డం నురగ వేలితో తీసి అద్దం మీద ఆ అక్షరం రాసి చూపించాడు. నేను నా మొహం మీద రాసినట్టుగా దాన్ని చూశాను. నురగ జారిపోయేలోపు వేలితో దాని మీద దిద్దాను.

“అ ఆలు రాకముందే భౌ నేర్సిన మొగోనివి నువ్వొక్కనివే అన్నా,” అన్నాడు. “నీ పంతులెవరని అడిగితే నా పేరు చెప్పకు. కుక్క పేరు చెప్పు.”

ఆ తరువాత ప్రతి ఆదివారం గడ్డం పేరు చెప్పి పోయి, ఒక అక్షరమో రెండు అక్షరాలో తెచ్చుకునేవాణ్ని. మిగతావాళ్లకు అ అంటే అమ్మ, నాకు గ అంటే గుర్రు, ద అంటే దొంగ, ప అంటే పాలాయన. వరస లేని చదువు. ఒక పొద్దున జనగామ బస్టాండులో నిలబడి ఉంటే ఎదురుగా వచ్చిన బస్సు బోర్డు మీద నా భ కనబడింది. దాని పక్కన గీత వేరే తీరుగా ఉంది. ప వచ్చు, ల వచ్చు. కూడబలుక్కున్నాను. భూపాలపల్లి. గట్టిగా అన్నాను కాబోలు, కండక్టరు తల బయట పెట్టాడు.

“ఎక్కుతవా పెద్దమనిషీ?”

“ఎక్క. సదివిన, గంతే.”

అతను నన్ను కింది నుంచి మీదికి చూసి తలుపు వేసుకున్నాడు. జీవితంలో నేను చదివిన మొదటి ఊరు అది.

చదువు వచ్చాక ఆ కుక్క ఎక్కడెక్కడ ఉందో తెలిసింది. అంతకుముందు కూడా అక్కడే ఉండి ఉంటుంది, నేనే పట్టించుకోలేదు. పిల్లల బడి సంచుల మీద ఉంది. ఆటోల వెనక అద్దం మీద, గడపకు అడ్డంగా పడుకున్నట్టే పడుకుని, కింద ‘నన్ను లేపకు’ అని ఉంది. బచ్చన్నపేటలో ఒక అంగన్‌వాడీ గోడ మీద దాన్ని గీసినవాడెవడో గొర్రె మొహం పెట్టాడు, అయినా పిల్లలు దానికి చెయ్యి ఊపేవాళ్లు. జనగామ బేకరీలో పుట్టినరోజు కేకు దాని తలకాయ తీరుగా చేస్తారు. ముందు చెవి కోసి పుట్టినరోజు పిల్ల నోట్లో పెడతారు. మా కూతురిని భూపాలపల్లిలో బొగ్గు బాయిలో పనిచేసే అతనికి ఇచ్చాం. అక్కడికి పోయినప్పుడు చూశాను, కాలనీ పార్కులో దాన్ని సిమెంటుతో చేసి నోరు తెరిచి పెట్టారు. చెత్త ఆ నోట్లో వెయ్యాలి. మధ్యాహ్నపు ఎండకు ఒక బతికున్న కుక్క, పక్కటెముకలు తేలినది, ఆ సిమెంటు కుక్క నీడలో పడుకుంది. వాకింగుకు వచ్చిన ఒకాయన కాగితం సిమెంటు కుక్క నోట్లో వేసి, బతికున్నదాన్ని కాలితో లేపాడు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకూ ఏమీ అనిపించలేదు.

నా భార్య పోయాక జనగామ విడిచి మా ఊరికి వచ్చేశాను. నర్సింహులపేట దిక్కున ఉంటుంది మా ఊరు. ఆ తరువాత కొంత కాలానికి మా అక్క కూడా వచ్చింది. అక్కను బయ్యారం దిక్కు ఇచ్చారు. బావ, అక్క కలిసి ఒక చెలకను జీవితమంతా దున్నుకున్నారు, రాళ్లు ఏరుకున్నారు, గట్లు పోసుకున్నారు. బావ పోయిన తరువాత తెలిసింది, ఆ చెలక పట్టా బావ పేరు మీద లేదు. మరుదుల పేరు మీద ఉంది. వాళ్లు కొట్టలేదు, తిట్టలేదు. “పట్టా లేదు గదా వదినా,” అన్నారు, అంతే. ఎవరిని అడిగినా అదే మాట. ఊరి పెద్దమనుషులూ అదే అన్నారు. అక్క ఒక సంచిలో చీరలు పెట్టుకుని బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

వచ్చిన అక్క మాట్లాడదు. తిన్నావా అంటే తల ఊపేది. పడుకో అంటే పడుకునేది. చిన్నప్పుడు మా అమ్మ నోటికే ఎదురు చెప్పిన మనిషి, మాటలన్నీ ఆ చెలకలోనే పాతిపెట్టి వచ్చినట్టు అరుగు మీద కూర్చుని వీధి చూస్తుండేది. మోరీ పైపులో పుట్టిన ఒక ఎర్ర కుక్కపిల్ల వచ్చి ఆమె కాళ్ల దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. దానికి ఒక చెవి సగానికి మడత పడి ఉండేది. అక్క తన కంచంలోది తీసి దానికి వేసేది. దానితోనూ మాట్లాడేది కాదు.

నేను ఆదివారం పేపరు తెచ్చుకుని అరుగు మీద కూర్చుని పైకే చదువుకునేవాణ్ని. లేటుగా చదువు నేర్చినవాడికి నోరు కదలకుండా చదవడం రాదు. కుక్క బొమ్మలు ఆమెకు చూపించి చదివేవాణ్ని. ఆ కథలో ఇంటివాళ్లు పేపరు తెలుగు మాట్లాడతారు, ‘ఏమండీ, వచ్చారా’ అని. పాలాయన ఒక్కడే మన మాట మాట్లాడతాడు, ‘ఏందమ్మా, గిట్ల పండుకోబెట్టిన్రు కుక్కను’ అని. అని కింద పడతాడు. మొదట్లో మన మాట పేపర్లోకి ఎక్కిందని నేను మురిసిపోయాను. అక్క కొన్ని వారాలు విని, వచ్చిన తరువాత మొదటిసారి నోరు తెరిచి ఒక మాట అడిగింది.

“మన మాట మాట్లాడెటోడే ప్రతి వారం ఎందుకు పడ్తడు?”

అక్క మాట్లాడింది కదా, అది చాలు అనుకున్నాను. ఆ వారమే బొమ్మలో మాటలు రాసిన గళ్ల మీద వేలు పెట్టి ఇంకో ప్రశ్న వేసింది.

“అందరి మాటకు తోక ఉన్నది. కుక్క మాటకు గీ గుండ్లేంది?”

“తోక ఉంటే నోటితోని అన్నట్టు. బుడగలుంటే మనసుల అనుకున్నట్టు.”

“కుక్క మనసుల ఏం అనుకుంటదో వీళ్లకెట్ల ఎరుక?”

“గీసెటాయనకు ఎరుక.”

అక్క ఆ బుడగలను చాలాసేపు చూసింది. మరునాటి సాయంత్రం నేను బయటి నుంచి వచ్చేసరికి ఎర్ర కుక్క తల మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది.

“తమ్మీ, గిదేమనుకుంటున్నదో ఎరుకేనా? ‘ముసలోడు మల్ల కల్లు తాగొచ్చిండు, అడుగులు సక్కగ పడ్తలేవు’ అనుకుంటున్నది.”

“గది అనుకుంటున్నదా, నువ్వు అనుకుంటున్నవా?”

“నేనేం అనుకోలే. దాని నెత్తి మీద బుడగలున్నయ్. నీ కండ్లకు కనపడ్తలేవు.”

అప్పటి నుంచి మా ఇంట్లో ఆ కుక్కే మాట్లాడింది. కూరలో ఉప్పు ఎక్కువైందని కుక్క అనుకునేది. నా చొక్కా వాసన వస్తోందని కుక్క అనుకునేది. పక్కింటాయన రోజూ వచ్చి మా అరుగు మీద కూర్చుని బీడీ అడుగుతాడు, ‘గీయనకు ఇంట్ల బీడీలు లేవా, పెండ్లాం లేదా’ అని కుక్క అనుకునేది. ఆయన నవ్వి, “అవ్వా, నీ కుక్క మనసు మంచిది కాదు,” అనేవాడు. ఒకసారి కుక్క తలుపు వైపు చూస్తుంటే అక్క మెల్లగా అంది, “‘పట్టా ఉన్నోళ్లు కడుపు నిండ తింటున్నరో లేదో’ అనుకుంటున్నది.” చెలక గురించి ఆమె నోట వచ్చిన మాట అదొక్కటే. అది కూడా కుక్క మీద పెట్టి అంది.

నాకు అర్థమైపోయింది. ఈ కుక్క ఉన్నన్ని రోజులే మా అక్కకు నోరు ఉంటుంది. అందుకని నేను కూడా దానికి అన్నం పెట్టడం మొదలుపెట్టాను. కుక్క మీద ప్రేమతో కాదు.

కుక్కలన్నీ సాధు జంతువులని చెప్పేవాణ్ని కాదు నేను. పోయిన చలికాలం పత్తి ఏరి వస్తున్న పక్కింటాయన భార్యను ఊరి బయట తిరిగే గుంపు పిక్క పట్టుకుని చీల్చింది. దవాఖానకు తీసుకుపోయారు, సూదులు వేయించారు, ఆమె పొలం పోవడానికే భయపడింది. ఆ గుంపులో మా ఎర్రది లేదు, ఉన్నా నేను ఆశ్చర్యపోను. ఊరివాళ్లు మాట్లాడుకుని ఎక్కడి నుంచో కుక్కలు పట్టే బండిని పిలిపించారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కరిచిన కాలు ఉన్నవాడికి నీతులు చెప్పడం నాకు చేతకాదు.

బండి రావడానికి ముందు రోజు ఒక ఆటో మైకు పెట్టుకుని తిరిగింది. మాట్లాడేవాడు పట్నం మనిషి, సగం ఉర్దూ కలిపి మాట్లాడుతున్నాడు.

“పట్టా ఉన్న కుక్కలకు ఫికర్ లేదు! పట్టా లేని కుక్కలను రేపు ఎత్తుకపోతం!”

వీధిలో అందరూ బయటికి వచ్చారు. పట్టా అన్న మాట వినగానే మా ఊళ్లో ఎవరైనా సరే, చేస్తున్న పని ఆపి నిలబడతారు. పక్కింటాయన బీడీ నోట్లోంచి తీశాడు.

“ఏందే కాకా, కుక్కలకు గూడ పట్టాలిస్తున్నరా? నా భూమికి మా నాయిన తిరిగిండు, కాలేదు. నేను తిరుగుతున్న, అయితలేదు. నీ కుక్కకు ఎవడిస్తడే?”

“ఇయ్యకుంటే ఎట్ల, మైకుల చెప్తున్నడు గదా.”

“తండ్రి పేరు అడుగుతరు. ఏం రాస్తవ్?”

“మీ నాయిన పేరు రాస్త.”

వీధి అంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. అక్క నవ్వలేదు. కుక్క మెడ చుట్టూ చెయ్యి వేసుకుని కూర్చుని ఉంది. దాని మీద పెట్టకుండా, తన నోటితోనే నాతో అంది.

“నాకు లేకపాయె. దీనికన్న చేయించు తమ్మీ.”

ఆ రోజే కూర్చుని దరఖాస్తు రాశాను. జీవితంలో నేను సొంతంగా రాసిన మొదటి దరఖాస్తు అది. ‘అయ్యా’ అని మొదలుపెట్టాను. ఎర్ర రంగు, ఒక చెవి మడత, మా అరుగు మీదనే ఉంటది, ఎవ్వరినీ కరవలేదు అని రాశాను. ఎన్నేళ్ల నుంచి మా స్వాధీనంలో ఉందో కూడా రాశాను, భూమికి అట్లాగే రాస్తారని తెలుసు కాబట్టి. మాట మాటకూ ఒత్తులు తప్పాయేమోనని పేపరు ముందు పెట్టుకుని సరిచూసుకున్నాను. అక్క కింద వేలిముద్ర వేసింది.

పొద్దున్నే బస్సెక్కి మండల ఆఫీసుకు పోయాను. సార్లు ఇంకా రాలేదు. చాలాసేపు కూర్చున్నాక ఒక కుర్ర గుమాస్తా వచ్చి కాగితం తీసుకున్నాడు. చదివాడు. మళ్లీ చదివాడు. మంచివాడే, వెంటనే నవ్వలేదు.

“తాతా, కుక్కకు పట్టానా?”

“మైకుల చెప్పిన్రు సారూ. పట్టా ఉన్నదాన్ని ముట్టం అన్నరు.”

అతను కాసేపు ఆలోచించాడు. అప్పుడు అతని మొహం మారింది.

“అయ్యో తాతా! పట్టా అంటే మెడకు కట్టే బెల్టు. ఉర్దూల దాన్ని పట్టా అంటరు. భూమి పట్టా కాదు. ఒక బెల్టు కట్టు, అయిపాయె!”

పక్క బల్లల దగ్గరివాళ్లు అప్పటికే నవ్వుతున్నారు. మేం దవాఖాన అంటాం, పరేషాన్ అంటాం, జర ఆగు అంటాం, ఉర్దూ మాటలు మాకు కొత్తవి కావు. మెడకు కట్టేదాన్ని మాత్రం మా దిక్కు బెల్టు అంటాం. పట్టా అంటే మా చెవులకు భూమి తప్ప ఇంకోటి వినబడదు. ఎన్నేళ్లు ఆ పేపరు కుక్క మెడలో ఎర్ర బెల్టు చూశాను! దానికి ఆ పేరు కూడా ఉంటుందని ఏ వారమూ ఎవరూ రాయలేదు.

బజారులో ఫ్యాన్సీ స్టోర్‌కు పరిగెత్తాను. పరుగు అంటే ముసలివాడి పరుగు. ఆ కొట్టు నిండా పేపరు కుక్కే. పెన్సిలు డబ్బా మీద అదే, నీళ్ల సీసా మీద అదే, జడ క్లిప్పుల మీద, గొడుగు మీద, చిన్న పిల్లల చెప్పుల మీద. చెప్పులు నొక్కితే భౌ అంటున్నాయి.

“కుక్క మెడకు కట్టే బెల్టు ఉన్నదా అమ్మా?” అన్నాను.

కొట్టులో ఆమె ఇటూ అటూ చూసింది. “గీ కుక్కయి అన్ని ఉన్నయి బాపూ. కుక్కకు కట్టేటిది మాత్రం లేదు. ఎవరు కొంటరు?” కాసేపు వెతికి, బడి పిల్లలు మెడలో ఐడీ కార్డుకు వేసుకునే ఎర్ర తాడు తీసి ఇచ్చింది. “గిది కట్టు, ఎర్రగనే ఉన్నది.”

తాడు జేబులో పెట్టుకుని బస్టాండుకు వచ్చాను. బస్సు ఎప్పటికో వచ్చింది. ఊళ్లో దిగేసరికి వీధి నిశ్శబ్దంగా ఉంది. ఒక్క కుక్క అరుపు లేదు. అంతటి నిశ్శబ్దం మా ఊళ్లో నేను ఎరగను.

పక్కింటాయన మా అరుగు దగ్గరే నిలబడి ఉన్నాడు. నన్ను చూసి తల దించుకున్నాడు.

“వచ్చిన్రు కాకా. పోయిన్రు గూడ. అవ్వ దాన్ని ఒళ్లె పెట్టుకొని కూసున్నది. ‘మా తమ్ముడు పట్టా తెస్తుండు, జర ఆగుండ్రి’ అన్నది. ‘పట్టా ఏదవ్వా, చూపియ్యి’ అన్నరు వాళ్లు. ‘ఆఫీసుల ఉన్నది’ అన్నది. వాళ్లు నవ్విన్రు. కుక్క పట్టా ఆఫీసుల ఎందుకుంటదని ఒకడన్నడు. నాకు గూడ సమజ్ కాలే కాకా. సమజైతే నా లుంగీ చింపన్న కట్టేటోన్ని.”

“మరి నువ్వేమన్నవ్?”

“నేనేమంట? బండి పిలిపించిందే నేనాయె.” ఆయన గొంతు తగ్గించాడు. “దూరం నుంచి గొలుసు వేసి గుంజిన్రు. అవ్వ చెయ్యి ఇడువలే. చేతుల కొన్ని ఎంట్రుకలు మిగిలినయి.”

అక్క లోపల గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నేను తాడు తీసి చూపించాను. ఎందుకు చూపించానో నాకే తెలియదు. పట్టా అంటే ఇదేనట, మెడకు కట్టేదట అని చెప్పాను. ఆమె తాడు వైపు చూసింది. నా వైపు చూసింది. ఆ పూట నుంచి మళ్లీ తల ఊపడం మొదలుపెట్టింది. తిన్నావా అంటే తల. పడుకో అంటే తల.

పట్టుకుపోయిన కుక్కలను భూపాలపల్లి అడవిలో విడిచిపెడతారట అని ఊళ్లో అనుకున్నారు. బండివాడే చెప్పాడట. నేను నమ్మలేదు. ఆ బండిలో కుక్కలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయని, కొన్ని కదలడం లేదని చూసినవాళ్లు చెప్పారు. అడవికి తీసుకుపోయి విడిచేవాడు అంత దూరం వాటిని అట్లా తీసుకుపోడు. ఆ మాట అక్కతో కూడా అన్నాను. ఉన్నమాట దాచి పెట్టడం నా వల్ల కాదు, ఆమెకూ అది తెలుసు. అక్క విన్నది. ఆ రోజు కంచంలో సగం అన్నం ఎప్పటిలాగే పక్కకు జరిపి, చాలాసేపు అట్లాగే ఉంచి, చివరికి గేదెలకు వేసే కుడితి గోలెంలో పోసింది.

ఆదివారం వచ్చింది. పేపరు తెచ్చాను. అలవాటు కొద్దీ అక్కను అరుగు మీదికి పిలిస్తే వచ్చి కూర్చుంది. ఆ వారం కుక్క గడపకు అడ్డంగా పడుకుంది, చుట్టాలు ఒకరి మీద ఒకరు పడ్డారు, కుక్క మనసులో ‘ఈ ఇంట్లో నాకు నిద్ర కరువైంది’ అనుకుంది. మునుపైతే అక్క ఈ పాటికి మా కుక్క దానికి ఏమని జవాబు చెప్పిందో చెప్పేది. నేను చదువుతూ చదువుతూ ఆగాను. వీధిలో పిల్లలు బడి సంచులతో ట్యూషన్‌కు పోతున్నారు, ఆ సంచుల మీద అదే కుక్క ఊగుతూ పోతోంది. పక్కింటాయన బీడీ అడగడానికి రావడం మానేశాడు. గేటు దాకా వచ్చి, అక్కను చూసి, తిరిగిపోతాడు. ఆయన భార్య ఇప్పుడు ధైర్యంగా పత్తికి పోతోంది. అది కూడా నిజమే.

రెండో ఆదివారం నేను పిలిచినా అక్క రాలేదు. ఇంకో రోజు మాత్రం తనే వచ్చి నా ముందు నిలబడింది. నా ఫోను వైపు చెయ్యి చూపించింది. భూపాలపల్లి వైపు చూపించింది. నాకు అర్థమై కూతురికి ఫోను చేశాను.

“బిడ్డా, మీ దిక్కు అడవి పొంటి ఒక ఎర్ర కుక్క, చెవి మడత పడ్డది, కనపడ్తదేమో జర చూడు. మీ అత్తమ్మది.”

“నాయినా, గీడ ఎర్ర కుక్కలు తప్ప ఏమున్నయే!” అంది కూతురు. అవతల ఏదో గిన్నెల చప్పుడు. తరువాత గొంతు మెత్తబడింది. “అత్తమ్మ ఏడుస్తున్నదా?”

“ఏడ్సుడు లేదు. మాట్లాడుడే లేదు.”

“సరే. ఆయన డ్యూటీకి పోయెటప్పుడు చూడుమంట.”

కొన్ని రోజులు ఏ కబురూ లేదు. అక్క ప్రతి పొద్దున నా ఫోను ఉన్న గూటి వైపు చూసేది. ఒక సాయంత్రం ఫోను టింగుమంది. కూతురు ఒక బొమ్మ పంపింది. పేపరు కుక్కే. ఇప్పుడు ఫోన్లలో దాన్ని ఎగిరేటట్టు, ఏడ్చేటట్టు చేసి పంపుకుంటారట, నవ్వు వస్తే ఒకటి, కోపం వస్తే ఒకటి, చావు కబురుకు కూడా ఒకటి ఉందట. ఇందులో అది గడప మీద కూర్చుని తోక ఊపుతూ ఉంది, ఒక కంట్లోంచి నీటి చుక్క జారుతుంది, మళ్లీ జారుతుంది. కింద ‘బాధపడకు’ అని రాసి ఉంది. నేను చదివాను. ఆ పిల్ల మనసు మంచిదే. కుక్క దొరకలేదని నోటితో చెప్పలేక, ఉన్నదాన్ని పంపింది.

అక్క నా చేతిలోంచి ఫోను తీసుకుంది. దూరం పెట్టి చూసింది, దగ్గరికి తెచ్చుకుని చూసింది. చీర కొంగుతో అద్దం తుడిచింది. తుడిచినా దాని కన్నీటి చుక్క జారుతూనే ఉంది. ఆమె పెదవులు కదిలాయి. కుక్క పోయిన తరువాత నేను విన్న మొదటి మాట అది.

“గిది పేపర్ల కుక్క.”

“అవునే.”

“దీనికేమైంది, మంచిగనే ఉన్నది.” ఫోను నా చేతిలో పెట్టేసింది. “మనదాన్ని చూడుమని చెప్పు బిడ్డకు.”

మళ్లీ ఫోను కలిపాను. కూతురితో ఆ మాటే చెప్పాను. చూస్తాను నాయినా, అంది.